ప్లగ్గు బావిలో నూనె: వందేళ్ళ కథ, ఒక రబ్బరు రింగు

పెట్రోలు కారు నడిపేవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సంగతి ఇది. బండి మిస్సింగ్ కొడుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ ఉండదు. డాష్‌బోర్డు మీద పసుపురంగు ఇంజన్ బొమ్మ వెలుగుతుంది. మెకానిక్ కాయిల్ పైకి లాగి చూస్తే, దాని కింద ఉండే రబ్బరు తొడుగు అప్పుడే మూకుడులోంచి తీసిన మిరపకాయ బజ్జీలా నూనె కారుతూ ఉంటుంది :) ప్లగ్గు కూర్చునే గొట్టంలో సగం దాకా ఇంజనాయిలు. ఇంగ్లీషువాళ్ళు ఈ గొట్టాన్ని 'బావి' అంటారు. అరబ్బు దేశాల్లో బావిలో నూనె పడితే పండగ, మన కారులో పడితే మాత్రం దండగ.

ఆ తర్వాత డైలాగు కూడా అందరికీ తెలిసిందే. "ఇంజన్ పనికొచ్చింది సార్, రింగులు పోయాయి, బోర్ చేయించాలి."

చాలాసార్లు అలాంటిదేమీ ఉండదు. పోయిన రింగు పిస్టన్‌ది కాదు, ఆ గొట్టం చుట్టూ ఉండే రబ్బరుది. దాన్ని మార్చడం ఎలాగో చివర్లో నాలుగు ముక్కల్లో చెప్తాను. నాకు ఇందులో ఆసక్తి కలిగించిన ప్రశ్న వేరు. నిప్పురవ్వ పుట్టే చోటుకీ, నూనె ఉండే గదికీ మధ్య కేవలం ఒక రబ్బరు రింగును కాపలా పెట్టాలన్న ఆలోచన అసలు ఎవరికొచ్చింది? తవ్వుకుంటూ పోతే తేలిందేంటంటే, ఎవరికీ రాలేదు. వందేళ్ళలో ఒకరి తర్వాత ఒకరు తీసుకున్న మంచి నిర్ణయాలన్నీ కలిసి వచ్చి ఆ రింగు మీద కూర్చున్నాయి.

ప్లగ్గు బయట ఉన్న రోజులు

స్పార్క్ ప్లగ్గు నమ్మదగిన వస్తువుగా మారింది 1902 లో. బాష్ కంపెనీలో పనిచేసే గాట్లోబ్ హోనోల్డ్ హై వోల్టేజి మాగ్నెటోని, దానికి తగ్గ ప్లగ్గునీ తయారుచేశాడు. ఆరేళ్ళ తర్వాత, 1908 లో ఫోర్డ్ మోడల్ టి వచ్చింది. ఆ ఇంజన్లో వాల్వులు సిలిండరు పక్కన, కింద బ్లాకులోనే ఉండేవి. పైనున్న హెడ్ అంటే ఒట్టి మూత, అంతే. ఆ మూతకి నాలుగు బెజ్జాలు, వాటిలో నాలుగు ప్లగ్గులు. హెడ్ మీద కదిలే భాగమే లేదు కాబట్టి అక్కడ నూనె అవసరమే లేదు. నూనే లేనిచోట లీకేంటి?

తర్వాత వాల్వులు సిలిండరు నెత్తి మీదకెక్కాయి. గాలి సులువుగా లోపలికీ బయటికీ పోతుంది, బలం పెరుగుతుంది. మొదట్లో ఈ పైవాల్వుల రాకర్లు ఆరుబయటే ఉండేవి. డ్రైవరే నూనెడబ్బా పట్టుకుని వాటికి చుక్కలు వేసుకునేవాడు, మన ఇళ్ళలో కుట్టుమిషనుకి వేసినట్టు. దుమ్ము పడకుండా, రోజూ ఈ చాకిరీ లేకుండా చేద్దామని వాటిమీద కవరు వేసి, లోపలికి పంపుతో నూనె పంపడం మొదలెట్టారు. మన షెడ్డుల్లో ట్యాపెట్ కవర్ అనేది ఇదే. అలా ఇంజన్ నెత్తిమీద మొదటిసారిగా ఒక నూనె గది కట్టారు.

అయినా ప్లగ్గుకి ప్రమాదం రాలేదు, ఎందుకంటే అది ఆ గదిలో లేదు. మన అంబాసిడర్నే చూడండి. 1957 నుంచి 2014 దాకా ఉత్తరపారాలో తయారైన ఆ బండిలో చాలా ఏళ్ళు నడిచిన 1489 సీసీ బియెంసీ ఇంజన్లో ప్లగ్గులు హెడ్డుకి పక్కగా, కవరుకి బయట ఉండేవి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 లో క్యామ్‌షాఫ్ట్ పైకెక్కినా, ప్లగ్గులు పక్కనే ఉండిపోయాయి. ఈ రెండు బండ్లకీ ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పోతే నూనె ఇంజన్ ఒంటిమీద కారేది. బానెట్ ఎత్తగానే కనిపించేది, ముక్కుకి మాడువాసన తగిలేది. వేస్టు గుడ్డతో తుడిచి, కొత్త ప్యాకింగ్ వేసి పంపేసేవాళ్ళు. లీకు అంటే కంటికి కనపడేది అన్న నమ్మకంతో మన మెకానిక్కుల్లో ఒక తరం మొత్తం పెరిగింది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నిప్పు నడుమకి నడిచిన కథ

ప్లగ్గుని పక్కన వదిలేస్తే ఏం పోయింది? పోయింది ఉంది. ప్లగ్గు దగ్గర మొదలైన మంట గది అంతా పాకడానికి కొంత టైం పడుతుంది. ఈలోపు అవతలి మూలనున్న పెట్రోలు-గాలి మిశ్రమం వేడికీ, ఒత్తిడికీ తట్టుకోలేక తనంతట తానే పేలిపోతుంది. అదే నాకింగ్, ఇంజన్లో టకటకమని వినపడే చప్పుడు. గుండ్రటి గదిలో గోడ పక్కన నిలబడితే అవతలి గోడ తాకడానికి గది మొత్తం నడవాలి. నడుమ నిలబడితే ఎటు చూసినా సగం దూరమే. కాబట్టి ప్లగ్గుని నడుమ పెడితే మంట త్వరగా పాకుతుంది, నాకింగ్ తగ్గుతుంది, మిశ్రమాన్ని ఇంకా గట్టిగా నొక్కవచ్చు, అదే పెట్రోలుతో ఎక్కువ పని రాబట్టవచ్చు.

ఇంకోపక్క వాల్వులు కూడా పెరిగాయి. 1912 లో ప్యూజో కంపెనీ ఎల్76 అనే రేసు కారు కట్టింది. ఎర్నెస్ట్ హెన్రీ అనే ఇంజనీరు, ముగ్గురు రేసు డ్రైవర్లు కలిసి చేసిన పని. సిలిండరుకి నాలుగు వాల్వులు, పైన రెండు క్యామ్‌షాఫ్టులు. ఆ ఏడాది దియెప్‌లో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీని జార్జ్ బొయ్యో ఆ కారుతోనే గెలిచాడు. మరుసటి ఏడు జూల్ గూ అమెరికా వెళ్ళి ప్యూజోతో ఇండియానాపొలిస్ 500 గెలిచాడు. ఈ రోజు మన పార్కింగులో ఉన్న కార్ల ఇంజన్లు చాలావాటికి ముత్తాత ఆ రేసు కారే.

నాలుగు వాల్వులని చతురస్రంలా సర్దితే మధ్యలో మిగిలే ఖాళీ సరిగ్గా ఒక ప్లగ్గుకి సరిపోతుంది. కానీ అటూ ఇటూ క్యామ్‌షాఫ్టులు నూనెలో తిరుగుతుంటాయి కదా, మరి ప్లగ్గు దగ్గరకి చెయ్యి ఎలా పోతుంది? దీనికి రెండు దార్లు కనిపెట్టారు.

మొదటిది 1948 లో లండన్ మోటార్ షోలో కనిపించిన జాగ్వార్ ఎక్స్‌కే ఇంజన్ దారి. రెండు క్యామ్‌షాఫ్టులకీ వేర్వేరుగా రెండు మెరిసే అల్యూమినియం కవర్లు, వాటి మధ్య ఒక లోయ, ఆ లోయలో ప్లగ్గులు. రెండు కొండల మధ్య ఊరులాగా అన్నమాట. నూనె గదులు వేరు, ఊరు వేరు.

రెండోది 1951 లో క్రైస్లర్ ఫైర్‌పవర్ వి8 దారి. తర్వాత 'హెమీ' అని పేరుపడ్డ ఇంజన్ల కుటుంబానికి పెద్దన్న ఇది. ఇందులో క్యామ్‌షాఫ్టులు పైన లేవుగానీ, గది అర్ధగోళంలా ఉండి వాల్వులు చెరో పక్కకి పోవడంతో, రాకర్లన్నీ కలిపి ఒకే వెడల్పాటి కవరు కింద పెట్టాల్సొచ్చింది. ప్లగ్గు ఆ కవరుకి సరిగ్గా నడుమ వచ్చింది. ఏం చేశారు? కవరుకి బెజ్జం పెట్టి, నూనె గది మధ్యలోంచి కింద ప్లగ్గు దాకా ఇనుప గొట్టాలు దించారు. గొట్టం లోపల పొడి, గొట్టం బయట నూనె. గొట్టానికీ కవరుకీ మధ్య సందుని మూసేది ఒక రింగు.

మన బావి ఇదే. ఊరిని తీసుకెళ్ళి చెరువు నడిబొడ్డున కట్టి, చుట్టూ గట్టు వేసినట్టు.

1967 లో కీత్ డక్‌వర్త్ గీసిన కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజన్ మొదటి రేసులోనే, జాండ్‌వోర్ట్‌లో జిమ్ క్లార్క్ చేతిలో గెలిచింది. నాలుగు వాల్వులని ఇరుకు కోణంలో నిలబెట్టి, నడుమ ప్లగ్గు పెట్టడమే మేలని ఆ ఇంజన్ తర్వాత వాదించాల్సిన అవసరం లేకపోయింది. 1970 లో అమెరికా గాలి కాలుష్య చట్టం గట్టిపడింది. 1973 లో పెట్రోలు ధర చుక్కలనంటింది. రేసు కోసం పుట్టిన రూపం ఇప్పుడు మైలేజీకీ, పొగ తగ్గించడానికీ కావాల్సొచ్చింది.

1980లలో జపాన్ కంపెనీలు దీన్ని మామూలు సంసారుల కార్లలోకి దింపాయి. టొయోటా 1986 లో తెచ్చిన 3ఎస్-ఎఫ్‌ఈ లాంటి ఇంజన్లలో రెండు క్యామ్‌షాఫ్టులూ దగ్గర దగ్గరగా కూర్చుంటాయి. అంత దగ్గరగా ఉన్నప్పుడు రెండు కవర్లెందుకు, ఒకటి చాలు. ఒక కవరంటే ఒక అచ్చు, తక్కువ బోల్టులు, తక్కువ ఖర్చు. జాగ్వార్ లోయ పోయి, క్రైస్లర్ గొట్టం నిలిచింది.

అమెరికాలో ఎమ్మెస్‌కి వెళ్ళిన మనవాళ్ళకి ఆ కాలపు కామ్రీలు, అకార్డులు బాగా తెలుసు. లక్ష మైళ్ళు దాటినదాన్ని చేతికొచ్చిన డాలర్లకి కొనుక్కుని, సీనియర్ నుంచి జూనియర్‌కి వారసత్వంగా అందించిన బండ్లు కదా. వాటిలో చాలావాటితో పాటు ఈ బావి కూడా వారసత్వంగా వచ్చేది. మనదేశంలో 1998 లో 16 వాల్వుల హోండా సిటీ వచ్చింది. 2008 లో ఎ-స్టార్‌తో మారుతి కె-సిరీస్ ఇంజన్ మొదలైంది. అంబాసిడర్ ఒంటిమీద కారిన నూనె ఇప్పుడు ఎవరికీ కనపడకుండా గొట్టంలోకి కారడం మొదలెట్టింది.

రబ్బరు కథ

ఇక్కడిదాకా ఇనుము గురించి చెప్పాను. అసలు బరువు మోసేది రబ్బరు.

1839 లో ఛార్లెస్ గుడియర్ గంధకంతో రబ్బరుని ఉడికించి గట్టిపరిచే పద్ధతి కనుక్కున్నాడు. టైర్లకి బ్రహ్మాండం. కానీ చెట్టు పాలతో చేసిన రబ్బరుకి ఒక జబ్బుంది. పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి, మెత్తబడి, జావకారిపోతుంది. అందుకే తొలినాటి ఇంజన్లలో నూనె ఆపడానికి తోలు, ఫెల్ట్ గుడ్డ, బెండు (అదే, సీసా బిరడా చేసే కార్క్) వాడేవాళ్ళు. అవి కారేవి. కారడం మామూలే అనుకునేవాళ్ళు.

నూనెకి చలించని రబ్బరు మనుషుల చేతికి వచ్చింది 1920, 30 లలో. అందులో ఒకటి అనుకోకుండా దొరికింది. కేన్సస్ సిటీలో జోసెఫ్ పాట్రిక్ అనే ఆయన కార్ల రేడియేటర్లో చలికి గడ్డకట్టని ద్రవాన్ని చవగ్గా తయారుచేద్దామని కూర్చుంటే, గిన్నెలో కంపుకొట్టే ఒక బంక మిగిలింది. అది దేంట్లోనూ కరగలేదు. దానికి థయోకోల్ అని పేరు పెట్టారు, ఆ పేరుతోనే కంపెనీ వెలిసింది. 1930 లో డ్యూపాంట్‌లో వాలెస్ కరోథర్స్ బృందంలోని ఆర్నాల్డ్ కాలిన్స్ చేతిలో నియోప్రీన్ పుట్టింది. అదే దశకంలో జర్మనీలో నైట్రైల్ రబ్బరు వచ్చింది. ఇప్పటికీ మన మెకానిక్ షాపుల్లో దొరికే నల్ల ఆయిల్ సీళ్ళలో ఎక్కువభాగం ఈ నైట్రైలే.

రబ్బరు వచ్చింది, మరి ఆకారం? డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ నీల్స్ క్రిస్టెన్సన్ 1937 లో, డెబ్బై దాటిన వయసులో, 'ఓ-రింగు'కి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1939 లో వచ్చింది. గాడిలో కూర్చోబెట్టిన గుండ్రటి రబ్బరు గాజు. ఒత్తిడి పెరిగేకొద్దీ అదే సందుకి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. రెండో ప్రపంచయుద్ధంలోకి దిగగానే అమెరికా ప్రభుత్వం ఆ పేటెంటు కొనేసి, యుద్ధసామగ్రి చేసే వాళ్ళందరికీ వాడుకోమని ఇచ్చేసింది. యుద్ధం అయ్యేసరికి అది ప్రతి యంత్రంలోకీ చేరిపోయింది. 1951 లో క్రైస్లర్ వాళ్ళు ధైర్యంగా నూనె గదిలోంచి గొట్టం దించగలిగారంటే వెనకాల ఇంత కథ ఉంది. ఇరవై ఏళ్ళు ముందయితే తోలుతోనో బెండుతోనో ఆ పని చెయ్యాల్సొచ్చేది.

అయితే రబ్బరుకి ఆయుష్షు ఉంటుంది. నైట్రైల్ 100-120 డిగ్రీల దాకా కాపురం చేస్తుంది. పైన హెడ్ దగ్గర వేడి సరిగ్గా ఆ అంచుల్లోనే ఉంటుంది. రోజూ కాగుతూ చల్లారుతూ పదేళ్ళు తిరిగేసరికి సాగే గుణం పోయి, ప్లాస్టిక్ గాజులా టక్కున విరుగుతుంది. ఎక్రిలిక్ రబ్బరు 150 దాకా, 1957 లో డ్యూపాంట్ తెచ్చిన వైటాన్ 200 దాకా తట్టుకుంటాయి. తట్టుకునే కొద్దీ ధర పెరుగుతుంది. ఎన్నేళ్ళ రబ్బరు వెయ్యాలన్నది కంపెనీ లెక్కల్లో తేలే విషయం, మనల్ని ఎవరూ అడగరు.

పొగ చట్టానికీ దీనికీ సంబంధం

ఇంకో మలుపుంది. పిస్టన్ పక్కల నుంచి కొంత మంటగాలి ఎప్పుడూ కిందికి జారుతూనే ఉంటుంది. పాతరోజుల్లో ఇంజన్ కింద ఒక గొట్టం వేలాడదీసి ఆ గాలిని రోడ్డుమీదకి వదిలేసేవాళ్ళు. 1950లలో ఏరీ హాగెన్-స్మిత్ అనే కాల్‌టెక్ ప్రొఫెసరు లాస్ ఏంజిలిస్ ఆకాశాన్ని కమ్మే పొగమంచుకి కార్లే కారణమని నిరూపించాక ఆ గొట్టం మీద కన్ను పడింది. 1961 మోడల్ నుంచి కాలిఫోర్నియాలో, 1963 కల్లా అమెరికా అంతటా కొత్త కార్లలో ఆ గాలిని ఒక వాల్వు ద్వారా మళ్ళీ ఇంజన్లోకే పంపి కాల్చేయడం మొదలైంది. దాన్నే పీసీవీ వాల్వు అంటారు.

చాలా మంచి పని. కానీ ఒక చిక్కు. పాత గొట్టం బార్లా తెరిచి ఉండేది. ఈ వాల్వు జిడ్డుపట్టి మూసుకుపోతే లోపలి ఒత్తిడికి దారి ఉండదు. అది బలహీనమైన చోటు వెతుక్కుంటుంది. పదేళ్ళు కాగి గట్టిపడ్డ రబ్బరు రింగు కన్నా బలహీనమైన చోటు ఏముంది? అందుకే కొన్ని బండ్లలో సీలు మార్చిన ఏడాదికే మళ్ళీ కారుతుంది. తప్పు కొత్త సీలుది కాదు, ఎవరూ చూడని ఆ వాల్వుది.

మా వృత్తిలో ఇలాంటివి రోజూ చూస్తాం. ఈ మాడ్యూలు బాగానే ఉంది, ఆ మాడ్యూలూ బాగానే ఉంది, రెండూ కలిసేచోట మాత్రం కొంప మునుగుతుంది. రెండు టీముల్లో ఎవరినడిగినా "మా వైపు ఓకే" అంటారు.

రింగు పోతే ఏం పోతుంది

ఒక చిన్న సీలు ఎంత పెద్దదో లోకానికి తెలిసింది 1986 జనవరి 28న. ఛాలెంజర్ షటిల్ లేచిన 73 సెకన్లకి ముక్కలైంది, ఏడుగురు చనిపోయారు. ఘన ఇంధన రాకెట్టు అతుకు దగ్గరున్న ఓ-రింగులు చలికి బిగుసుకుపోయి సందుని మూయలేకపోయాయి. అవి వైటాన్ రకానివే. వేడికి మహా గట్టిది, చలికి కాదు. ఆ రాకెట్లు చేసిన కంపెనీ మోర్టన్ థయోకోల్, అంటే యాంటీఫ్రీజ్ చేయబోతే మిగిలిన బంకతో మొదలైన కంపెనీయే. అక్కడి ఇంజనీరు రోజర్ బోజోలీ అంతకు ఆరు నెలల ముందే, 1985 జులైలో, ఈ ప్రమాదం గురించి పై అధికారులకి రాసి మరీ చెప్పాడు. విచారణలో ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కని ఐసునీళ్ళలో ముంచి చూపించాడు. అది వెంటనే తన ఆకారానికి తిరిగి రాలేదు.

కారులో సీలు పోతే ఎవరి ప్రాణమూ పోదులెండి. కానీ చిన్న ఖర్చు పెద్ద ఖర్చుగా మారే వరస ఒకటే. 1980ల చివర్లో సాబ్ కంపెనీ ప్రతి ప్లగ్గు నెత్తినా కాయిల్ పెట్టే పద్ధతి తెచ్చింది, తర్వాత అందరూ అనుసరించారు. దాంతో కాయిల్ తొడుగు నేరుగా బావిలోనే కాపురం. నూనె చేరితే తొడుగు రబ్బరు ఉబ్బుతుంది, నిప్పురవ్వ పక్కదారి పడుతుంది, సిలిండరు మిస్సవుతుంది, కాలని పెట్రోలు సైలెన్సరు దారిలోని కెటలిటిక్ కన్వర్టరులోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. మనదేశంలో 1995 నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి తప్పనిసరి చేసిన ఆ డబ్బా ధర వినాలంటే గుండె ధైర్యం కావాలి.

మా టీములో ఒకాయన బండికి సర్వీసు సెంటర్లో ఏడాదిలో మూడు కాయిళ్ళు మార్చారు. నాలుగోసారి ఇంజన్ దించాలన్నారు. ఆయన ఊరెళ్ళినప్పుడు ఒక షెడ్డులో చూపిస్తే, ఆ పెద్దాయన ప్లగ్గు తీసి వేళ్ళ మధ్య తిప్పి, "పైన తడి, కింద పొడి. ఇంజన్‌కేం కాలేదు సార్, ట్యాపెట్ కవర్ సీళ్ళు వేయించండి చాలు" అన్నాడట. ఒక సినిమాకి ఇంటిల్లిపాదీ వెళ్ళొచ్చినంత ఖర్చు.

ఆయన చూసిన తేడాయే అసలు కిటుకు. ప్లగ్గు పైభాగం, పింగాణీ వైపు నూనె ఉంటే అది బావిలోది, సీలు సమస్య. నిప్పు పుట్టే కింది మొన నల్లగా నూనెతో తడిసి ఉంటే అప్పుడు పిస్టన్ రింగులనో, వాల్వు సీళ్ళనో అనుమానించాలి. ఈ రెంటినీ కలిపేసి చెప్తే వేలల్లో తేడా వస్తుంది.

మిగతా జాగ్రత్తలు కొన్నే. ప్లగ్గు విప్పేముందు బావిలో నూనెని గుడ్డతోనో సిరంజితోనో తీసెయ్యాలి, లేకపోతే అదంతా సిలిండర్లోకి దిగుతుంది. కవరు ఎలాగూ విప్పుతారు కాబట్టి చుట్టూ ఉండే ప్యాకింగ్, గొట్టం సీళ్ళు కలిపి ఒకేసారి మార్పించుకోవాలి. కొన్ని ఇంజన్లలో గొట్టం అడుగున కూడా ఒక రింగుంటుంది, అదీ అడగండి. పీసీవీ వాల్వు చూడమనండి. నూనెలో నానిన తొడుగులు మార్చండి. కవరు బోల్టులు బలం కొద్దీ బిగించకూడదు, బిగిస్తే కవరు వంగి అక్కడే మళ్ళీ కారుతుంది. కొన్ని కంపెనీలు సీలుని కవరుకే అతికించేశాయి. రింగు పోతే మొత్తం కవరు కొనాలి. దీన్ని మాత్రం మంచి నిర్ణయాల జాబితాలో వెయ్యలేను.

నాకు కంపెనీల మీద ఉన్న ఫిర్యాదు ఒకటే. గొట్టం పెట్టినందుకు కాదు, దానికి కారణాలు పైన చెప్పుకున్నాం. ఇంజనాయిలుకి ఇన్ని కిలోమీటర్లని, బెల్టుకి ఇన్నేళ్ళని మాన్యువల్లో అచ్చేస్తారు. వేడికి గట్టిపడి చస్తుందని ముందే తెలిసిన ఈ రబ్బరుకి మాత్రం నేను చూసిన మాన్యువళ్ళలో గడువు లేదు. కారాక చూసుకోమనే కదా అర్థం? కారేది మాత్రం కనపడని చోట. అంబాసిడర్ కాలంలో లీకు తనంతట తానే చాటింపు వేసుకునేది. ఇప్పుడు మనమే వెళ్ళి అడగాలి.

ప్లగ్గులే లేని కరెంటు కార్లు వచ్చాయి, ఈ బావులు కూడా ఒకరోజు పూడిపోతాయి. ఈలోపు మాత్రం రోడ్లమీద కోట్ల బావులున్నాయి. మీ బండి పదేళ్ళు దాటిందా? ఈసారి సర్వీసుకి ఇచ్చినప్పుడు ఒక్క కాయిల్ పైకి లాగి చూపించమనండి. రెండు నిమిషాల పని. పొడిగా ఉంటే సంతోషం. తడిగా ఉంటే కంగారు పడకండి, "బోర్" అన్న మాట వినగానే చెక్కుబుక్కు తియ్యకండి. ముందు ప్లగ్గు ఏ చివర తడిసిందో అడగండి.